ఫుడ్ ప్రాసెసర్ భాగాలను వంటింట్లో సర్దుకోవడం ఎలా

ఫుడ్ ప్రాసెసర్ కొన్న ఇంట్లో ఆ యంత్రానికి చోటు చూడటం పెద్ద కష్టం కాదు. గట్టు మీద ఒక మూల అడుగు చదరం జాగా ఉంటే సరిపోతుంది. ఇబ్బంది అంతా దానితో పాటు వచ్చే భాగాలతోనే. పెద్ద గిన్నె, దాని మూత, కూరగాయలను లోపలికి నెట్టే పుషరు, బ్లేడును తిప్పే ఇరుసు అయిన స్పిండిలు, ఎస్ ఆకారపు బ్లేడు, పిండి కలిపే బ్లేడు, ముక్కలు కోసే డిస్కు, తురుము డిస్కులు, బత్తాయి రసం తీసే కోను, జాలీ ఉన్న జ్యూసరు, ఇవి కాక చిన్నా పెద్దా స్టీలు జార్లు, వాటి మూతలు, మూతల్లో వాషర్లు ఉంటాయి. మన దగ్గర దొరికే యంత్రాలకు ఇన్ని భాగాలు ఉండటానికి కారణం అవి రెండు వేరు వేరు యంత్రాల కలయిక కావడమే. స్టీలు జార్ల మిక్సీ మన పచ్చళ్లకూ, పిండ్లకూ, మసాలాలకూ తగినట్టు 1960ల నుంచి ఈ దేశంలోనే రూపుదిద్దుకుంది. వెడల్పు గిన్నె, డిస్కులు ఉన్న ప్రాసెసరు 1970ల తొలినాళ్లలో ఫ్రాన్సులో ఇళ్లలోకి వచ్చి, 1973లో అమెరికన్ ఇంజనీరు కార్ల్ సాంథైమర్ ద్వారా అమెరికా మార్కెట్‌లో అడుగుపెట్టింది. ఆ తర్వాత మన కంపెనీలు రెండింటినీ ఒకే మోటారు మీదికి తెచ్చాయి. కాబట్టి రెండు యంత్రాల సామాను మీ ఒక్క వంటింట్లోకి వస్తుంది.

సర్దడం అనగానే చాలామంది ఆకారాన్ని చూసి విడదీస్తారు. జార్లన్నీ ఒక అరలో, మూతలన్నీ ఒక బుట్టలో, పదునైనవన్నీ ఒక డబ్బాలో పెడతారు. తలుపు తీయగానే కంటికి బాగుంటుంది కానీ, చపాతీ పిండి కలపాలనుకున్నప్పుడు గిన్నె ఒక చోట, బ్లేడు ఇంకో చోట, స్పిండిలు మరో చోట వెతుక్కోవలసి వస్తుంది. రెండు మూడు సార్లు అలా వెతికాక చేత్తోనే కలుపుకోవడం సులువనిపించి, యంత్రం మూలన పడుతుంది. మన పోపుల డబ్బాను చూడండి. ఆవాలూ, జీలకర్రా, మినప్పప్పూ, ఎండుమిరపకాయలూ చూడటానికి ఒకలా ఉండవు, ఒకే పరిమాణంలోనూ వాడము. ఒకే పోపులో కలిసి పడతాయి కాబట్టే ఒకే డబ్బాలో ఉంటాయి. ఫుడ్ ప్రాసెసరు భాగాలనూ అలాగే, ఏ పనికి ఏవి కలిసి కావాలో చూసి సర్దుకోవాలి.

అన్నింటినీ ఒకసారి కిందికి దించండి

వెలుతురు బాగా ఉన్న పగటిపూట హాల్లో ఒక పాత దుప్పటి పరచి, ఇంట్లో ఉన్న మిక్సీ, ప్రాసెసరు భాగాలన్నింటినీ దాని మీదికి తెచ్చుకోండి. సజ్జ మీద, సింకు కింద, సిలిండరు పక్కన, అంట్లు తోమే బాల్కనీలో, చెంచాల సొరుగు అడుగున కూడా వెతకండి. కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె ఇంకా దాచి ఉంచితే దాని అడుగునా, థర్మోకోలు గుంతల్లోనూ తప్పక చూడండి. ఒక్కసారి కూడా బయటికి రాని చిన్న డిస్కులు అక్కడే ఉండిపోతుంటాయి.

యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకంలో భాగాల బొమ్మలున్న పేజీ ఉంటుంది. ఆ పేజీని పక్కన పెట్టుకుని ఒక్కొక్క భాగాన్ని పోల్చుకుంటూ, అది ఎక్కడ కూర్చుంటుందో స్వయంగా అమర్చి చూడండి. స్పిండిలు మీద బ్లేడు సరిగ్గా దిగుతుందా, మూత గిన్నెకు పట్టి తిరిగి టక్కుమని ఆగుతుందా, పుషరు బిగుసుకోకుండా కదులుతుందా అని చూడండి. చాలా ప్రాసెసర్లలో మూత సరిగ్గా పడకపోతే మోటారు తిరగకుండా ఏర్పాటు ఉంటుంది. చెడిపోయిందని పక్కన పెట్టిన యంత్రం మూతను సరిగా తిప్పగానే పని చేయడం కూడా జరుగుతుంటుంది. ఆ పేజీని, కొన్న బిల్లునూ ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.

భాగాలు ముందున్నప్పుడే వాటి ఆరోగ్యాన్నీ చూడాలి. గిన్నెకు వేలిగోరు తగిలేంత పగులు ఉంటే దాన్ని మళ్లీ అరలోకి పంపకండి. బ్లేడు తిరిగే వేగానికి ఆ పగులు సాగి, ప్లాస్టిక్ ముక్క తిండిలో పడే ప్రమాదం ఉంది. జారును తిరగేసి, దాన్ని మోటారుకు కలిపే కప్లరు పళ్లు అరిగాయేమో చూడండి. జారు అడుగున నల్లటి జిడ్డు కనబడితే లోపల బ్లేడు ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగి, నీరూ జిడ్డూ కారుతున్నాయని అర్థం. దాన్ని మిక్సీ రిపేరు దుకాణంలో మార్పించేదాకా వాడకూడదు. పాత మిక్సీ పోయినా దాని జార్లను మాత్రం ఎప్పటికైనా పనికొస్తాయని దాచే అలవాటు మనలో ఎక్కువ. కంపెనీకో తీరుగా, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడలుకో తీరుగా కప్లర్లు ఉంటాయి. కొత్త మోటారు మీద కూర్చోని జారును అరలో ఉంచితే తొందరలో దాన్నే తీసి బలవంతంగా తిప్పే అవకాశం ఉంది కనుక, అటువంటివాటిని ఆ రోజే ఇంట్లోంచి పంపించెయ్యండి.

పనిని బట్టి జట్లు కట్టండి

మిగిలినవాటిని దుప్పటి మీదే జట్లుగా విడదీయండి. మీ ఇంటి వంటను మనసులో పెట్టుకుని చేయండి, పుస్తకంలోని క్రమాన్ని కాదు.

రోజూ వాడే జట్టు మొదటిది. ఇడ్లీ, దోసెలకు పల్లీ చట్నీ చేసే చిన్న జారు, అల్లం వెల్లుల్లి ముద్ద చేసేదీ అదే అయితే ఆ ఒక్కటే, దాని మూతతో సహా ఇందులోకి వస్తుంది. పప్పు నానబోసి రుబ్బే పెద్ద జారు కొన్ని ఇళ్లలో రోజువారీది, కొన్ని ఇళ్లలో వారానిది. పొడులకు వాడే జారును విడిగా ఉంచడం నా దృష్టిలో తప్పనిసరి. నువ్వులు, పల్లీలు, ఎండు కొబ్బరి కలిపి మిర్చీ కా సాలన్‌కో, బగారా బైంగన్‌కో మసాలా పట్టే జారులో తడి ఉండకూడదు, చట్నీ వాసనా ఉండకూడదు.

రెండో జట్టు వారానికి రెండు మూడు సార్లు వాడేది. పెద్ద గిన్నె, స్పిండిలు, పిండి కలిపే బ్లేడు, నీళ్లు కొలిచే గ్లాసు ఒక జట్టు. ఉల్లిపాయలూ, ఆకుకూరా తరిగే ఎస్ బ్లేడు దానికి దగ్గరి చుట్టం.

మూడోది డిస్కుల జట్టు. ఇంటికి చుట్టాలు వచ్చి బిర్యానీ చేయవలసిన రోజున 2 కిలోల ఉల్లిపాయలను ఒకే మందంలో కోయడానికి ఈ డిస్కులకు సాటి వచ్చేది వంటింట్లో మరొకటి లేదు. ముక్కలు ఒకే మందంలో ఉంటేనే నూనెలో అన్నీ ఒకేసారి ఎర్రబడతాయి, కొన్ని మాడి కొన్ని పచ్చిగా ఉండవు. చలికాలంలో గాజర్ కా హల్వాకు క్యారెట్ తురమడానికీ ఇవే కావాలి. కాబట్టి ముక్కలు కోసే డిస్కు, తురుము డిస్కులు, వాటిని పట్టి ఉంచే చక్రం, పుషరు కలిసి ఉండాలి. నాలుగో జట్టు రసాలది. కోను, జాలీ, జ్యూసరు మూత, గుజ్జు పట్టే గిన్నె ఇందులోకి వస్తాయి. ఎండాకాలం తప్ప దీని అవసరం పెద్దగా రాదు.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. పెద్ద గిన్నె, దాని మూత, స్పిండిలు రెండు మూడు జట్లకు ఉమ్మడి. వాటిని ఎక్కడ పెట్టాలన్న సందేహం వల్లే చాలామంది సర్దడాన్ని మధ్యలో ఆపేస్తారు. ఉమ్మడి భాగాలు ఎప్పుడూ తరచుగా వాడే జట్టుతోనే ఉండాలి. మీ ఇంట్లో రాత్రి పూట చపాతీలు తినేవారుంటే గిన్నె పిండి బ్లేడుతోనే ఉండనివ్వండి. డిస్కులు అవసరమైన రోజున డిస్కుల డబ్బాను గిన్నె దగ్గరికి తెచ్చుకోవాలే తప్ప గిన్నె చోటు మారకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే భాగాలు తప్పిపోవడం చాలావరకు ఆగిపోతుంది.

చోటు ఎంచుకోవడం

యంత్రం ఉన్న చోటికి చేతికందే దూరంలో మొదటి రెండు జట్లూ ఉండాలి. మోటారు బేసు బరువు ఎక్కువ కాబట్టి, ప్లగ్గుకు దగ్గరగా గట్టు మీదే దానికి శాశ్వతంగా ఒక మూల ఇచ్చేయండి. వాడిన ప్రతిసారీ అల్మారాలోంచి ఎత్తి, మళ్లీ లోపల పెట్టవలసిన యంత్రాన్ని నెల తిరిగేసరికి ఎవరూ తీయరు. బేసు మీద గిన్నె, మూత, పుషరు అన్నీ అమర్చి మొత్తం ఎత్తును టేపుతో కొలుచుకోండి. గట్టుకూ పై అల్మారాకూ మధ్య ఖాళీ సాధారణంగా ఒకటిన్నర నుంచి 2 అడుగులు ఉంటుంది. ఆ ఖాళీలో యంత్రం పట్టినా, పుషరు పైకి తీసేందుకు చోటు చాలకపోతే వాడేటప్పుడు ముందుకు జరుపుకోవలసి వస్తుంది. కాళ్లకు గాలి పట్టు రబ్బర్లు ఉంటే గ్రానైటు మీద గట్టిగా అంటుకుంటాయి. ఒక్కసారిగా పైకి లాగకుండా, ఒక మూలను కొద్దిగా ఎత్తి గాలి పోనిచ్చి కదపాలి.

పెట్టకూడని చోట్లు మూడున్నాయి. పొయ్యి పైన ఉన్న అరలో పోపు పొగా, నూనె ఆవిరీ చేరి ప్లాస్టిక్ మీద జిగురు పొర కడుతుంది. అది మామూలు సబ్బుకు వదలదు. సింకు కింద ఎప్పుడూ చెమ్మ ఉంటుంది, బొద్దింకలు తిరుగుతాయి. సజ్జ మీద అయితే రసాల జట్టు తప్ప ఏదీ పెట్టకండి. అది కూడా తేలికైన ప్లాస్టిక్ భాగాలు మాత్రమే. స్టూలు ఎక్కి, చేతులు పైకి చాచి పదునైన డిస్కుల డబ్బాను దించడం ఇంట్లో పెద్దవారికి ప్రమాదం.

బరువైన స్టీలు జార్లకు నడుముకూ భుజానికీ మధ్య ఎత్తు తగినది. మాడ్యులర్ కిచెన్ ఉన్న ఫ్లాట్లలో గట్టు కింద లోతైన సొరుగు ఉంటే జార్లకు అదే మంచి చోటు. పైనుంచి చూస్తే అన్నీ కనిపిస్తాయి, వెనకవాటి కోసం ముందువాటిని తీయనక్కరలేదు. పాతబస్తీలోనూ, సికింద్రాబాద్ పాత ఇళ్లలోనూ తలుపులు లేని రాతి అరలు ఉంటాయి. వాటికి ముందు పలచటి నూలు తెర వేలాడదీస్తే దుమ్ము ఆగుతుంది, గాలి ఆడుతుంది. తెరను పొయ్యికి దూరంగా ఉన్న అరకు మాత్రమే కట్టండి.

కడిగాక, అరలో పెట్టేముందు

సర్దడంలో అసలు పని ఇది. ఎంత అందంగా అమర్చిన అర అయినా లోపలికి తడి భాగం ఒక్కటి వెళితే పాడవుతుంది. మే నెల ఎండలో హైదరాబాద్‌లో జారు గంటలో ఆరిపోతుంది. ఆషాఢం వచ్చి బోనాల వానలు మొదలయ్యాక అదే జారు గట్టు మీద రాత్రంతా బోర్లించినా అడుగున చెమ్మ మిగిలే ఉంటుంది. కాబట్టి ఒకే పద్ధతి ఏడాదంతా సరిపోదు. వానాకాలంలో తుడిచి, ఆరబెట్టి, ఆ తర్వాతే లోపల పెట్టాలి.

వాడిన వెంటనే జారులో సగం నీళ్లు, ఒక చుక్క అంట్లు తోమే ద్రవం వేసి 10 సెకన్లు తిప్పండి. బ్లేడు కింద ఇరుక్కున్న పప్పు, పచ్చడి వదిలిపోతుంది. తర్వాత విడదీయగలిగినవన్నీ విడదీసి కడగండి. మూతలోని వాషరును చెంచా వెనక వైపుతో మెల్లగా పైకి తీసి, గాడిలోని మెత్తటి మడ్డిని పాత టూత్‌బ్రష్‌తో తోమండి. చాలా జార్లలో వచ్చే వాసనకు మూలం ఆ గాడే, జారు కాదు. కడిగాక గిన్నెలనూ జార్లనూ చదునుగా బోర్లించకండి. అంచు కింద గాలి ఆడేలా జాలీ స్టాండు మీద గానీ, ఒక వైపు చెంచా ఎత్తు పెట్టి గానీ వాల్చండి. వానల్లో గుడ్డతో తుడిచి, అరగంట ఫ్యాను గాలికి ఉంచండి. మోటారు బేసును మాత్రం ఎన్నడూ నీళ్ల కింద పెట్టకూడదు. ప్లగ్గు తీసి, పిండిన గుడ్డతో తుడవడమే చేయాలి.

నగరంలో చాలా అపార్ట్‌మెంట్లు బోరు నీటి మీద ఆధారపడతాయి, ఎండాకాలంలో ట్యాంకర్లూ వస్తాయి. ఆ నీళ్లలోని సున్నపు ఉప్పులు, నీటి చుక్క ఆరిపోయిన చోట తెల్ల మచ్చగా మిగిలి, కొన్నాళ్లకు గరుకు పొర కడతాయి. తుడిచి ఆరబెట్టే ఇంట్లో ఈ పొర చాలా నెమ్మదిగా వస్తుంది. ఇప్పటికే వచ్చి ఉంటే లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి, అరగంట నానబెట్టి, మెత్తటి స్పాంజితో రుద్దండి. ఇనుప పీచు వాడితే ప్లాస్టిక్ మీద గీతలు పడతాయి, స్టీలు మీద మిగిలిన ఇనుప రేణువులు తుప్పు మచ్చలవుతాయి. పారదర్శకంగా ఉండే గిన్నెలో మరిగే నీళ్లు పోయకూడదు.

పసుపు మరక గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పసుపులోని రంగు నీటిలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది, వెలుతురులో వెలిసిపోతుంది. కనుక మరక మీద కాస్త వంటనూనె రాసి, పది నిమిషాలాగి సబ్బుతో కడిగి, ఒకటి రెండు గంటలు ఎండలో ఉంచితే చాలావరకు పోతుంది. రోజంతా ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, అంతసేపు అవసరమూ లేదు.

బ్లేడ్లూ, డిస్కులూ

ఈ భాగం రాయడానికి నాకు ఉన్న కారణం మన వంటింట్లో అంట్లు తోమే చేతులు. చాలా ఇళ్లలో ఆ చేతులు ఇంటివాళ్లవి కావు. పొద్దున్నే రెండు మూడు ఇళ్లు తిరిగి పని చేసే ఆమె నురుగు నిండిన సింకులో చెయ్యి పెట్టినప్పుడు, అడుగున ఎస్ బ్లేడు ఉందని ఆమెకు తెలియదు. వేలు తెగితే ఆ రోజే కాదు, గాయం మానేదాకా నీళ్లలో చెయ్యి పెట్టలేక ఆమె కూలి పోతుంది. కాబట్టి పదునైన ఏ భాగమూ సింకులో పడకూడదన్నది ఈ పద్ధతి మొత్తంలో సడలించకూడని నియమం. బ్లేడునూ, డిస్కునూ వాడినవారే అప్పటికప్పుడు, కుళాయి ధార కింద, నడుమ ఉన్న ప్లాస్టిక్ కాడను పట్టుకుని పొడుగు పిడి బ్రష్‌తో కడగాలి. అప్పుడు వీలు కాకపోతే గట్టు మీద, అందరికీ కనిపించేలా, ఒక వెడల్పు గిన్నెలో విడిగా పెట్టాలి.

ఆరిన ఎస్ బ్లేడును పెద్ద గిన్నెలోనే స్పిండిలు మీద ఉంచి మూత పెట్టడం ఒక పద్ధతి. అది బాగానే ఉంటుంది కానీ, చిన్నపిల్లలున్న ఇంట్లో, గిన్నె అందే ఎత్తులో ఉన్న చోట నేను దాన్ని మెచ్చను. వెడల్పు మూతి ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో అడుగున మడిచిన నూలు గుడ్డ వేసి, కాడ పైకి వచ్చేలా నిలబెట్టండి. తీసేవారి చెయ్యి మొదట కాడకే తగలాలి. బ్లేడును ప్లాస్టిక్ సంచిలో చుట్టకండి. లోపల చెమ్మ నిలిచి, ఉప్పూ చింతపండూ తగిలిన చోట చిన్న చిన్న గుంటలు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదన్నది పూర్తిగా నిజం కాదు. ఉప్పు, పులుపు, చెమ్మ కలిసి చాలాసేపు ఉంటే దానికీ మచ్చలు వస్తాయి. బ్లీచింగు నీళ్లు అయితే ఇంకా త్వరగా తింటాయి.

డిస్కులను ఒకదానిపై ఒకటి దొంతరగా పెడితే రెండు నష్టాలు. పైదాని అంచు కిందిదానికి రాసుకుని పదును పోతుంది, అడుగుదాన్ని తీయడానికి వేళ్లు మధ్యలోకి పెట్టాలి. వాటిని నిలువుగా పెట్టాలి. దీనికి ప్రత్యేకమైన సామాను కొనవలసిన పని లేదు. బేగం బజారులోని స్టీలు సామాన్ల దుకాణాల్లో దొరికే చిన్న ప్లేట్ల స్టాండు సరిగ్గా సరిపోతుంది. మీ డిస్కు ఒకటి వెంట తీసుకెళ్లి, ఊచల మధ్య ఖాళీలో పెట్టి చూసి కొనండి. పదునైన ముఖాలన్నీ ఒకే వైపు, అంటే గోడ వైపు తిరిగి ఉండేలా అమర్చితే ఎవరు తీసినా చెయ్యి మొద్దు వైపుకే వెళుతుంది. స్టాండు మొత్తాన్ని ఒక ట్రేలో పెట్టి, ఆ ట్రేలోనే పుషరునూ, డిస్కు చక్రాన్నీ ఉంచితే డిస్కుల జట్టు ఒక్క చేతితో బయటికి వస్తుంది.

కొన్ని యంత్రాల్లో పూర్తి డిస్కులకు బదులు ఒకే చక్రంలో బిగించుకునే పలచటి దీర్ఘచతురస్రపు బ్లేడ్లు వస్తాయి. పోగొట్టుకోవడానికి ఇవే అన్నింటికన్నా సులువైనవి, ప్రమాదకరమైనవి కూడా ఇవే. స్కూలు టిఫిన్ డబ్బా లాంటి గట్టి మూత డబ్బాలో పొరకొక గుడ్డ ముక్క వేసి పేర్చండి. డబ్బా మూత మీద లోపల ఎన్ని ఉన్నాయో అంకె రాయండి. తిరిగి పెట్టేటప్పుడు లెక్క సరిపోకపోతే కూరగాయల తొక్కలను చెత్తబుట్టలో వెయ్యకముందే వెతకవచ్చు. వీటిని చెంచాలూ, గరిటెలూ ఉండే సొరుగులో ఎంతమాత్రం వెయ్యకండి.

జార్లు, మూతలు, వాషర్లు

చోటు కలిసొస్తుందని ఒక జారులో ఇంకో జారు దించకండి. అడుగుదాని బ్లేడు మీద పైదాని కప్లరు కూర్చుని రెండూ దెబ్బ తింటాయి, ఒక్కోసారి అంచులు బిగుసుకుని ఊడిరావు. పక్కపక్కనే నిలబెట్టి, మధ్యలో వేలు మందం ఖాళీ ఉంచండి.

మూత జారు మీదే ఉండాలి, కానీ బిగించి కాదు. తలకిందులుగా గానీ, కాస్త పక్కకు వాల్చి గానీ పెడితే లోపలి గాలి బయటికి పోతుంది. ప్రాసెసరు గిన్నె మూతను కూడా తాళం పడేదాకా తిప్పకుండా ఊరికే మీద ఉంచండి. లోపల వాసన నిలవదు, తాళం దగ్గరి స్ప్రింగు మీద ఎప్పుడూ ఒత్తిడి ఉండదు. ఈ కారణంగానే గాలి చొరని ఖరీదైన పారదర్శకపు డబ్బాలను ఈ భాగాలకు నేను సిఫారసు చేయను. అవి పప్పులకు మంచివి. కడిగి పెట్టే వస్తువుకు కావలసింది గాలి.

ఆరిన వాషరును దాని గాడిలోనే తిరిగి అమర్చండి. విడిగా వదిలితే ఏ మూతది ఏదో తెలియకుండా పోతుంది. అదనపు వాషర్లు, మోటారు కప్లరు, దాన్ని విప్పే పానా, చిన్న గరిటె ఒక చిన్న డబ్బాలో చేర్చి, ఆ డబ్బాను జార్ల సొరుగులోనే ఒక మూల పెట్టండి. వాషరు మెత్తగా ఉండాలని నూనె రాయడం కొందరికి అలవాటు. నూనెకు రబ్బరు ఉబ్బి, గాడిలో సరిగా కూర్చోదు. అందుకని అది వద్దు.

మోటారు బేసు

వాడిన వెంటనే బేసుకు తొడుగు వేయకండి, వేడి తగ్గనివ్వండి. తొడుగు నూలు గుడ్డదై ఉండాలి. తీగను బేసు చుట్టూ బిగించి చుట్టకుండా, వదులుగా మడిచి గుడ్డ పట్టీతో కట్టండి. బేసు అడుగున ఉన్న గాలి రంధ్రాల్లోంచి బొద్దింకలు వెచ్చదనం కోసం లోపలికి చేరతాయి. వారానికి ఒకసారి బేసును పక్కకు జరిపి కింద రాలిన పిండిని తుడిస్తే వాటికి తిండి దొరకదు. అట్టపెట్టె విషయానికొస్తే, అద్దె ఇంట్లో ఉన్నవారు దాన్ని విప్పి చదును చేసి, థర్మోకోలుతో సహా మంచం కింద దాచుకోవచ్చు, ఇల్లు మారేటప్పుడు అవసరపడుతుంది. సొంత ఇంట్లో వారంటీ తీరాక అది పురుగులకు గూడు మాత్రమే.

ఇంట్లో అందరికీ తెలిసేలా

సర్దినవారికి మాత్రమే తెలిసిన అమరిక పది రోజులు కూడా నిలవదు. అర అంచు మీద, సొరుగు లోపలి వైపు కాగితపు టేపు అంటించి, చెరగని మార్కరుతో పని పేరు రాయండి. 'తురుము డిస్కు' అని కాకుండా 'ఉల్లిపాయలు, క్యారెట్' అని రాస్తే యంత్రం గురించి తెలియనివారికి కూడా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో పనికి వచ్చే ఆమె తెలుగు చదువుతారని అనుకోకూడదు. ఉర్దూ, హిందీ, మరాఠీ మాట్లాడేవారు ఎందరో ఉన్నారు, ఏ లిపీ చదవనివారూ ఉన్నారు. అందుకే అక్షరాలతో పాటు రంగులు వాడండి. రోజువారీ జట్టుకు ఆకుపచ్చ టేపు, పిండి జట్టుకు నీలం, పదునైన ప్రతిదానికీ ఎరుపు పెట్టండి. అదే రంగు చుక్కను ఆ జట్టులోని భాగాల మీదా, అవి ఉండే అర మీదా అంటించండి. తిండి తగిలే వైపు కాకుండా పిడి మీదో, అడుగునో అంటించాలి. ఎరుపు ఉన్నది ముట్టుకోనవసరం లేదని, అది ఇంటివాళ్లే కడుగుతారని ఆమెకు నోటితో చెప్పండి. మొదటి వారం మీరు పక్కనే ఉండి చూపించండి.

ఏడాదికోసారి మళ్లీ చూడటానికి మార్చి నెల అనువైనది. ఆవకాయ కాలం వస్తే ఆవపిండి, మెంతిపిండి, వెల్లుల్లి అన్నింటికీ జార్లు ఏకధాటిగా పని చేయాలి, అప్పుడు వాషరు చిరిగితే పని ఆగుతుంది. ప్రతి వాషరునూ వేళ్ల మధ్య వంచి చూడండి. వంచిన చోట సన్నటి గీతలు కనిపిస్తే మార్చే సమయం వచ్చినట్టే. కొత్తది కొనడానికి వెళ్లేటప్పుడు పాత వాషరునూ, మూతనూ రెండింటినీ వెంట తీసుకెళ్లండి, కంటి అంచనాతో తెచ్చినవి తరచుగా సరిపోవు. ఇంటికి తెచ్చాక జారులో సగం దాకా నీళ్లు పోసి, మూత గట్టిగా పట్టుకుని అర నిమిషం తిప్పండి. అంచు నుంచి చుక్క కూడా కారకపోతేనే పాతదాన్ని పారేయండి.